బోరోహైడ్రైడ్‌తో వెండి నానోకణాలు: ఫ్లాస్కులో బాగానే వస్తున్నాయి, మైక్రోరియాక్టర్‌లో సైజు కుదరట్లేదు

వెండిమేఘం

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చదవడమే గానీ రాయడం ఇదే మొదలు.

ఫ్లాస్కులో వెండి నానోకణాలు చేయడం నాకు అలవాటే. ఐసులో పెట్టిన సోడియం బోరోహైడ్రైడ్ ద్రావణాన్ని బాగా తిప్పుతూ సిల్వర్ నైట్రేట్‌ను చుక్కలుగా వేస్తే లేత పసుపు రంగు వస్తుంది. కణాలు ఏ వెలుగును ఎంత పీల్చుకుంటాయో చూపే స్పెక్ట్రంలో 395 నానోమీటర్ల దగ్గర సన్నటి పీక్, అంటే సైజులు దాదాపు ఒకటే. ఇప్పుడు ఇదే పనిని ఫ్లో రియాక్టర్‌లో, అంటే సన్న గొట్టంలో ద్రవాలు పారుతూనే కలిసే మైక్రోరియాక్టర్‌లో, చేయమన్నారు.

సెటప్ ఇది: రెండు సిరంజి పంపులు, ఒక టీ (T ఆకారపు) జంక్షన్, దాని తర్వాత 5 మీటర్ల టెఫ్లాన్ గొట్టం. టీకీ గొట్టానికీ లోపలి వ్యాసం 0.5 మి.మీ. ఒక సిరంజిలో సిల్వర్ నైట్రేట్, కణాలు ముద్దకట్టకుండా కాపాడే ట్రైసోడియం సిట్రేట్ కలిపి ఉన్నాయి. రెండోదాంట్లో బోరోహైడ్రైడ్. రెండూ నిమిషానికి 0.5 మి.లీ. చొప్పున వెళ్తాయి. కలిశాక వెండి గాఢత 0.5 మిల్లీమోలార్.

వస్తున్నదేమో ఇలా ఉంది: పీక్ వెడల్పుగా ఉంది, 450 వైపు ఒక భుజం కూడా కనిపిస్తోంది. బయటికొచ్చే ద్రవం కాసేపు పసుపు, కాసేపు గోధుమ రంగు. గొట్టం మొదట్లో లోపలి గోడ కూడా గోధుమ రంగుకు తిరిగింది. ఏ పేపర్ చూసినా "మైక్రోరియాక్టర్ వాడాం, సైజు పంపిణీ సన్నబడింది" అనే ఉంటుంది. నాకు సరిగ్గా తిరగబడింది. ఎక్కడ చూడాలి?

---

గొట్టాల_గోపాలం

ముందు లెక్క వేద్దాం, తర్వాత కెమిస్ట్రీ.

0.5 మి.మీ. గొట్టం 5 మీటర్లంటే లోపల పట్టేది దాదాపు 1 మి.లీ. మొత్తం ప్రవాహం నిమిషానికి 1 మి.లీ. కాబట్టి సగటున ద్రవం ఒక నిమిషం లోపల ఉంటుంది. వేగం సెకనుకు 8.5 సెం.మీ., రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో సుడులు పుడతాయో లేదో చెప్పేది) 42 చుట్టూ. అంటే సుడులూ గిడులూ ఏమీ లేవు. మీ రెండు ద్రవాలూ టీ దాటాక రెండు క్యూల్లా పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అణువులు వెళ్లాలంటే డిఫ్యూజన్ (అణువులు వాటంతటవే వ్యాపించడం) ఒక్కటే దారి.

డిఫ్యూజన్‌కు పట్టే సమయం: దూరం స్క్వేర్‌ను రెండింతల డిఫ్యూజన్ గుణకంతో భాగించండి. చిన్న అయాన్లకు నీళ్లలో ఆ గుణకం సెకనుకు సుమారు 10⁻⁹ చదరపు మీటర్లు. గొట్టం వెడల్పులో సగం, అంటే 0.25 మి.మీ. దాటడానికి 30 సెకన్లు. అప్పటికి గొట్టం పొడవులో సగం అయిపోయింది!

బోరోహైడ్రైడ్ వెండి అయాన్లను లోహంగా మార్చడానికి (రిడక్షన్‌కు) ఇంత సేపు ఆగదు, కలిసిన చోటే కణాలు పుట్టేస్తాయి. ఆ అర నిమిషం పొడవునా రెండు ద్రవాల సరిహద్దులో కొత్త కణాలు పుడుతూనే ఉన్నాయి. ముందు పుట్టినవి అప్పటికే పెరుగుతున్నాయి. సైజు ఒకటిగా ఎలా వస్తుంది? ఫ్లాస్కులో మాగ్నెటిక్ స్టిరర్ ఇంతకన్నా చాలా వేగంగా కలుపుతోంది, అందుకే అక్కడ బాగుంది.

---

వెండిమేఘం

లెక్క అర్థమైంది సార్, థాంక్స్. కానీ మైక్రోఫ్లూయిడిక్స్ అంటేనే మిక్సింగ్ వేగంగా ఉంటుందంటారు కదా? ఇదేం తిరకాసు?

---

సూక్ష్మనాళిక

కొలత చిన్నదైతేనే వేగం. అర మి.మీ. దీనికి చిన్న కొలత కాదు. దూరం స్క్వేర్‌లో ఉంది కాబట్టి అక్కడే ఆట మొత్తం. 50 మైక్రాన్ల చానెల్‌లో సగం దూరం 25 మైక్రాన్లు, సమయం 0.3 సెకన్లు. మధ్యలో వెళ్లే ద్రవాన్ని రెండు పక్కల నుంచి ఎక్కువ ప్రవాహంతో నొక్కి 2 మైక్రాన్లకు సన్నబరిస్తే 2 మిల్లీసెకన్లు. హైడ్రోడైనమిక్ ఫోకసింగ్ అనేది దీన్నే. ఇంకో దారి, చానెల్ అడుగున ఏటవాలు గాళ్లు చెక్కి ద్రవాన్ని మడతలు పెట్టడం. 2002లో స్ట్రూక్, వైట్‌సైడ్స్ తదితరులు సైన్స్ పత్రికలో చూపించిన హెరింగ్‌బోన్ మిక్సర్ అదే. రేనాల్డ్స్ సంఖ్య ఎంత తక్కువున్నా అది పనిచేస్తుంది.

కానీ మీ దగ్గర చిప్ లేదు, గొట్టాలున్నాయి. కాబట్టి టీ మార్చండి. 0.25 మి.మీ. రంధ్రం ఉన్న హెచ్‌పీఎల్‌సీ (ద్రవ క్రొమటోగ్రఫీ) యంత్రాల్లో వాడే టీ పెట్టి, మొత్తం ప్రవాహాన్ని నిమిషానికి 4 మి.లీ.కి పెంచితే టీ లోపల రేనాల్డ్స్ సంఖ్య 340 దాకా వెళ్తుంది. అది ఇంకా లామినారే, అంటే పొరలుగా సాగే ప్రవాహమే. కానీ ఎదురెదురుగా వచ్చి గుద్దుకునే రెండు ధారలు ఆ వేగంలో ఒకదాన్ని ఇంకోటి చుట్టేసుకుంటాయి, పొరలు పలచబడతాయి. ఎదురెదురుగా రావాలి, గుర్తుంచుకోండి. ఒక ధారను నేరుగా, ఇంకోదాన్ని పక్క నుంచి ఇస్తే అంత ఫలితం ఉండదు.

గొట్టం మాత్రం 0.5 మి.మీ.దే ఉంచండి. ప్రెషర్ వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. మీ 5 మీటర్లకు ఇప్పుడు పడుతున్నది సుమారు అర బార్. 4 మి.లీ.కి వెళ్తే 2 బార్ల పైచిలుకు. అదే 0.25 మి.మీ. గొట్టమైతే 1 మి.లీ.కే దాదాపు 9 బార్, 4 మి.లీ.కి 35. సిరంజి పంపు ఆగిపోతుంది, లేదా సిరంజి ఊడి మీ మొహం మీదకొస్తుంది. లూయర్ లాక్ (సిరంజిని తిప్పి బిగించే మూతి) లేకుండా మాత్రం చేయొద్దు.

---

పాత_ల్యాబ్_పక్షి

ఇద్దరూ మిక్సింగ్ దగ్గరే ఆగారు. పుట్టడం, పెరగడం వేరు చేయాలన్న ఆలోచన 1950 నాటి లామెర్, డినెగర్‌లది. వాళ్లు చూసింది గంధకం సోల్స్‌ను (ద్రవంలో తేలే సన్నటి గంధకం కణాలను). గాఢత ఒక్కసారి హద్దు దాటి కేంద్రకాలన్నీ (కణాల తొలి మొలకలు) ఒక్క ఊపున పుట్టాలి, ఆ తర్వాత కొత్తవి పుట్టకుండా ఉన్నవే పెరగాలి. పుస్తకాల్లో గీసే ఆ వంపు చూడ్డానికి బాగుంటుంది.

వెండి, బోరోహైడ్రైడ్ జంట ఆ బొమ్మను పాటించదు. 2012లో యోర్గ్ పోల్టె బృందం ఎక్స్‌రే స్కాటరింగ్‌తో ఈ ప్రక్రియను మొదటి నుంచి చివరిదాకా కొలిచింది. మొదట రిడక్షన్ చకచకా అయిపోతుంది. చిన్న గుంపులు ఒకదానితో ఒకటి కలిసిపోయి 2, 3 నానోమీటర్ల కణాలవుతాయి. అక్కడ కాసేపు ఆగుతాయి. బోరోహైడ్రైడ్ నీళ్లతో చర్య జరిపి అయిపోవచ్చేసరికి కణాల మీద రక్షణ తగ్గుతుంది, అప్పుడు రెండోసారి కలిసిపోతాయి. చివరి సైజు తేలేది ఆ రెండో అంకంలో. అది మొదలవడానికి నిమిషాలు పడుతుంది.

మీ ద్రవం గొట్టంలో ఉండేది ఒక్క నిమిషం. అంటే సైజు నిర్ణయం మీ బాటిల్లో జరుగుతోంది! బాటిల్లో పది నిమిషాల కిందట పడిన ద్రవమూ ఇప్పుడే పడుతున్నదీ కలిసి ఉన్నాయి. దాన్ని కొలిచి రియాక్టర్‌కు మార్కులు వేస్తున్నారు.

చేయాల్సింది: అవుట్‌లెట్ దగ్గర నేరుగా క్యువెట్‌లో (స్పెక్ట్రం తీసే చిన్న పారదర్శక పాత్రలో) పట్టి వెంటనే ఒక స్పెక్ట్రం, అదే క్యువెట్ పావుగంట తర్వాత ఇంకోటి. రెండూ ఒకటే అయితే నేను చెప్పింది కొట్టేయండి.

---

గొట్టాల_గోపాలం

పక్షి గారి మాటకు చిన్న అభ్యంతరం. రెండో అంకం ఉందనుకుందాం, అయినా మొదటి అంకంలోని గందరగోళం అక్కడికీ వస్తుంది. సిట్రేట్ ఎక్కడ ఎంత అందింది, ఎక్కడ బోరోహైడ్రైడ్ తక్కువపడింది అన్నది మిక్సింగే తేలుస్తుంది. క్యువెట్ పరీక్ష మాత్రం తప్పకుండా చేయమనే నేనూ అంటాను.

---

పాత_ల్యాబ్_పక్షి

రావచ్చు. కాదనలేదు.

---

హైడ్రోజన్_బుడగ

రంగు కాసేపు అలా కాసేపు ఇలా మారడం గురించి ఎవరూ మాట్లాడలేదు. అది మిక్సింగ్ సమస్య కాదు. మిక్సింగ్ బాగాలేకపోతే రంగు ఎప్పుడూ ఒకేలా బాగాలేకుండా ఉంటుంది.

బోరోహైడ్రైడ్ నీళ్లలో ఊరికే ఉన్నా హైడ్రోజన్ వదులుతుంది. ఆ గ్యాస్ సిరంజిలోనే బుడగ కడుతుంది. బుడగ నొక్కుకుపోయే వస్తువు, కాబట్టి పంపు ఎంత కచ్చితంగా తోసినా టీ దగ్గరికి అంత కచ్చితంగా చేరదు. గొట్టంలో ఒక బుడగ ఇరుక్కుంటే ప్రెషర్ పెరుగుతుంది, అది జారగానే ఒక్కసారి తన్నుకొస్తుంది. ఆ క్షణంలో రెండు ద్రవాల నిష్పత్తి ఎంతో చెప్పలేం.

ద్రావణం అప్పటికప్పుడు చేయండి, కొంచెం సోడియం హైడ్రాక్సైడ్ వేయండి. క్షారంలో ఆ విచ్ఛిన్నం బాగా నెమ్మదిస్తుంది. కానీ ఎక్కువ వేస్తే సిల్వర్ ఆక్సైడ్ గోధుమ రంగులో దిగే ప్రమాదం ఉంది, జాగ్రత్త. ఐసు ప్యాక్ సిరంజి చుట్టూ ఉండాలి, బీకరు చుట్టూ మాత్రమే కాదు. చాలామంది అక్కడ మర్చిపోతారు.

రెండోది సిరంజి సైజు. స్టెప్పర్ మోటార్ అడుగులు అడుగులుగా కదులుతుంది. లావు సిరంజిని నెమ్మదిగా తోస్తే ఒక్కో అడుగుకు ఎక్కువ ద్రవం దూకుతుంది. సన్న సిరంజి పెడితే అదే ప్రవాహం నున్నగా వస్తుంది.

ఇంకో పని చేయండి. టీకి వెండి వైపు నుంచి వచ్చే గొట్టం చివరి ఒకట్రెండు సెంటీమీటర్లు వెలుతురులో పెట్టి చూడండి. అక్కడ బోరోహైడ్రైడ్ ఉండకూడదు కాబట్టి రంగు ఉండకూడదు. గోధుమ చార కనిపిస్తే ద్రవం వెనక్కి తంతోందన్నమాట.

---

వెండిమేఘం

ఇప్పుడే చూశాను. వెండి వైపు ఫిట్టింగ్ లోపల నల్లటి ఉంగరంలా ఉంది, దాని వెనక గోధుమ చార. ఇది గోడ మీద మామూలుగా పట్టేదే అనుకుని వదిలేశాను.

---

హైడ్రోజన్_బుడగ

దొరికిందిగా. రెండు వైపులా చెక్ వాల్వులు (ద్రవాన్ని ఒక్క వైపే పోనిచ్చేవి) పెట్టండి. ఆ ఫిట్టింగ్ ఇక వాడొద్దు. అక్కడ పట్టిన వెండి మీదే కొత్త వెండి వేగంగా పేరుకుంటుంది, బోరోహైడ్రైడ్ విచ్ఛిన్నం కూడా అక్కడ జోరందుకుని ఇంకా బుడగలొస్తాయి.

---

బిందువు

గోడకు అంటుకోవడమే సమస్య అయితే ద్రవాన్ని గోడ తాకనివ్వకండి. ఫ్లోరినేటెడ్ నూనెలో నీటి బిందువులుగా నడపండి. నూనె టెఫ్లాన్ గోడను తడుపుతుంది, బిందువుకీ గోడకీ మధ్య పలచటి నూనె పొర ఉంటుంది. ప్రతి బిందువూ తనకు తానే ఒక బుల్లి ఫ్లాస్కు. ముందుకు పోతూ లోపల రెండు సుడులు తిరుగుతాయి, వంపుల్లో ఆ సుడులు మడతపడి మిక్సింగ్ ఇంకా పెరుగుతుంది.

దీంతో ఇంకో లాభం, ఎవరూ చెప్పలేదు. మామూలు గొట్టంలో మధ్యలో ద్రవం సగటుకు రెండింతల వేగంతో పోతుంది. "ఒక నిమిషం" అని రాసుకున్న గొట్టంలో మధ్య ధార అర నిమిషానికే బయటపడుతుంది, గోడ పక్కది చాలా సేపు ఉండిపోతుంది. చిన్న అణువులు అడ్డంగా డిఫ్యూజ్ అయి కొంతవరకు సర్దుకుంటాయి. 10 నానోమీటర్ల కణం మాత్రం అయాన్ కన్నా ఇరవై రెట్లకు పైగా నెమ్మది. గొట్టం వ్యాసార్ధం దాటడానికి దానికి పదినిమిషాలకు పైనే కావాలి. ఏ ధారలో పుట్టిందో అందులోనే బయటికి పోతుంది. బిందువుల్లో అన్నీ ఒకే సమయం ఉంటాయి.

ఇవన్నీ కొత్తవి కావు. 2003లో ఇస్మగిలోవ్ బృందం బిందువుల్లో మిల్లీసెకన్ల మిక్సింగ్ చూపించింది. 2005లో ఎంఐటీలో జెన్సెన్, బావెండి బృందాలు గ్యాస్ ముక్కలతో ద్రవాన్ని విడగొట్టి కాడ్మియం సెలెనైడ్ క్వాంటం డాట్లు (సైజును బట్టి రంగు మారే అర్ధవాహక నానోకణాలు) చేశాయి. విడగొట్టకుండా చేసినవాటి కన్నా సైజు పంపిణీ సన్నగా వచ్చింది.

---

హైడ్రోజన్_బుడగ

బాగానే ఉంది, కానీ బోరోహైడ్రైడ్ బిందువులోపల కూడా హైడ్రోజన్ వదులుతుంది. బిందువులో బుడగ, ఆ బుడగ ఇంకో బిందువును తోసి కలిపేయడం, చివరికి వరస చెదిరిపోవడం. రిడక్షన్ చేసే రసాయనం ఆస్కార్బిక్ ఆమ్లమో ఇంకోటో అయితే ఈ గొడవ ఉండదు.

---

సూక్ష్మనాళిక

ఇంకా ఒకటి. రెండు రియాక్టెంట్లు బిందువు ఏర్పడకముందే కలిస్తే నాజిల్ దగ్గరే వెండి పట్టేస్తుంది. మధ్యలో మూడో ధారగా ఉత్త నీళ్లు పంపి రెండింటినీ విడిగా ఉంచి, బిందువు తెగాకే కలిసేలా చేయాలి. ఇస్మగిలోవ్ డిజైన్‌లో ఉన్నదీ అదే. చివర్లో నూనె వేరు చేయడం, బిందువులు కలిసిపోకుండా వేసే సర్ఫాక్టెంట్ కణాలకు అంటుకోవడం, ఈ తలనొప్పులు ఎలాగూ ఉన్నాయి. వెండిమేఘం గారికి మొదటి మందుగా నేనైతే ఇది చెప్పను.

---

కొత్తకుర్రాడు

మధ్యలో దూరుతున్నందుకు సారీ. పీడీఎంఎస్ (సిలికోన్ రబ్బరు) చిప్‌లో టోలుయిన్ పంపొచ్చా?

---

సూక్ష్మనాళిక

వద్దు. ఉబ్బిపోయి చానెల్ మూసుకుపోతుంది. హెక్సేన్, క్లోరోఫాంతోనూ అదే గతి. నీళ్లు, ఇథనాల్ వరకు ఫర్వాలేదు. ఆర్గానిక్ ద్రావకాలకు గాజు చిప్ గానీ టెఫ్లాన్ గొట్టం గానీ. మిగతా ప్రశ్నలకు వేరే థ్రెడ్ పెట్టండి తమ్ముడూ, ఇది ఇప్పటికే పొడవైంది.

---

లిపిడ్_లోకం

మాది వెండి కాదు, లిపిడ్ నానోకణాలు (ఆర్‌ఎన్‌ఏను మోసే కొవ్వు కణాలు). అయినా కథ ఇదే. ఇథనాల్‌లో లిపిడ్లు, పీహెచ్ 4 బఫర్‌లో ఆర్‌ఎన్‌ఏ. నీటి భాగం మూడు, ఇథనాల్ ఒకటి. హెరింగ్‌బోన్ చిప్‌లో మొత్తం ప్రవాహం పెంచుకుంటూ పోతే కణం సైజు తగ్గుతూ వచ్చి ఒక చోట ఆగుతుంది. ఆ తర్వాత ఇంకెంత పెంచినా మారదు. మిక్సింగ్ సమయం కణాలు కూడుకునే సమయం కన్నా తక్కువైందని దాని అర్థం.

వెండిమేఘం గారూ, మీకూ ఇదే పరీక్ష పనికొస్తుంది. నిష్పత్తి మార్చకుండా ప్రవాహం రెట్టింపు చేయండి, గొట్టం పొడవూ రెట్టింపు చేయండి, అప్పుడు లోపల ఉండే సమయం మారదు. పీక్ మారితే మీరింకా మిక్సింగ్ చేతిలోనే ఉన్నారు. మారకపోతే ఇక టీని వదిలేసి కెమిస్ట్రీ చూసుకోండి. నాకు తెలిసి ఇంతకన్నా నమ్మదగ్గ పరీక్ష లేదు, ఏ పేపర్‌లోని మిక్సింగ్ సమయం ఫార్ములా కన్నా ఇదే నయం.

పక్షి గారు బాటిల్ గురించి చెప్పింది మా దగ్గరా నిజమే. బయటికొచ్చిన ద్రవంలో పావు వంతు ఇథనాల్ ఉంటుంది. వెంటనే పలచన చేయకపోతే కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్దవవుతాయి. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పటిసిరాన్ అనే ఆర్‌ఎన్‌ఏ మందు దగ్గర్నుంచి కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల దాకా, ఇథనాల్ ధారనూ నీటి ధారనూ క్షణంలో కలపడం మీదే ఆధారపడ్డాయి.

---

ఫ్లాస్కు_భక్తుడు

ఇదంతా చదివాక నాకొచ్చిన అనుమానం: ఎందుకీ తిప్పలు? 0.5 మిల్లీమోలార్, నిమిషానికి 1 మి.లీ., 24 గంటలూ ఆపకుండా నడిపితే వచ్చే వెండి 78 మిల్లీగ్రాములు. లీటరున్నర ఫ్లాస్కులో ఒక్క మధ్యాహ్నం పని.

---

గొట్టాల_గోపాలం

ఈ కణాలకైతే మీ మాటే రైటు. గది ఉష్ణోగ్రత, నీళ్లు, సెకన్లలో అయిపోయే చర్య. ఫ్లో రియాక్టర్ విలువ వేరే చోట ఉంది. 300 డిగ్రీల దగ్గర క్వాంటం డాట్లు చేసేటప్పుడు పెద్ద ఫ్లాస్కులోకి చల్లటి ప్రికర్సర్ (ముడి రసాయనం) గుచ్చితే ఉష్ణోగ్రత అంతటా ఒకేలా పడదు. లీటరుకు పెంచగానే సైజు మారిపోతుంది. అరమిల్లీమీటరు గొట్టంలో వేడి ఇట్టే సర్దుకుంటుంది. ప్రమాదకరమైన గ్యాసులున్న చోటా అంతే, ఏ క్షణంలోనైనా లోపల ఉండేది కొద్ది మిల్లీలీటర్లే. చివర స్పెక్ట్రోమీటర్ పెడితే, పంపు నిష్పత్తి మార్చుకుంటూ ఫ్లాస్కులో వారం పట్టే స్క్రీనింగ్‌ను చాలా తొందరగా ముగించొచ్చు.

"చానెళ్లు వంద పెట్టేస్తే ఉత్పత్తి వంద రెట్లు" అనే మాట మాత్రం నేను నమ్మను. ఒక చానెల్‌లో కొంచెం పూత పట్టిందంటే అందులో ప్రవాహం తగ్గుతుంది, ఆ భాగం మిగతావాటికి పోతుంది, వందింటిలోనూ సమయాలు మారతాయి. పూత పట్టని చర్యలకైతే సరే.

---

ఫ్లాస్కు_భక్తుడు

స్క్రీనింగ్ అంటే ఒప్పుకుంటాను. ఉత్పత్తి అంటే ఇంకా ఒప్పుకోను.

---

వెండిమేఘం

అప్‌డేట్. 0.25 మి.మీ. టీ, చెక్ వాల్వులు, గ్యాస్‌టైట్ సన్న సిరంజిలు, సిరంజికే ఐసు ప్యాక్, బోరోహైడ్రైడ్‌లో కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్. మొత్తం ప్రవాహం 4 మి.లీ. మొదట గొట్టం నాలుగైదు సార్లు నిండేంత ద్రవం పారబోసి తర్వాతే పట్టాను.

రంగు ఊగిసలాట పూర్తిగా పోయింది. పీక్ 396, భుజం చాలావరకు తగ్గింది. లిపిడ్_లోకం గారి పరీక్ష: ప్రవాహం, పొడవు రెండూ రెట్టింపు చేస్తే పీక్ ఇంకొంచెం సన్నబడింది. అంటే నేనింకా మిక్సింగ్ చేతిలోనే ఉన్నాను. పక్షి గారి క్యువెట్ పరీక్షలో వెంటనే తీసినదానికీ పావుగంట తర్వాతి దానికీ స్పష్టంగా తేడా ఉంది. ఇద్దరూ గెలిచారు!

ఇంకో రెండు ప్రశ్నలు. డీఎల్‌ఎస్ (చెదిరిన వెలుగుతో సైజు కొలిచే పరికరం) సగటు 60 నానోమీటర్లు చూపిస్తోంది. 396 పీక్‌కు అది ఎలా సాధ్యం? రెండోది, గోడ మీది పూత పోవడానికి ఆక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) వాడొచ్చా?

---

పాత_ల్యాబ్_పక్షి

డీఎల్‌ఎస్ లెక్కపెట్టేది వెలుగును, కణాలను కాదు. చిన్న కణాలు చెదరగొట్టే వెలుగు వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది. ఒక్క 100 నానోమీటర్ల ముద్ద పది లక్షల 10 నానోమీటర్ల కణాలంత మెరుస్తుంది. టీ దగ్గర గోడ నుంచి ఊడిన రేకులు కొన్ని పడినా చాలు, మీ 60 వచ్చేస్తుంది. ఇంటెన్సిటీ గ్రాఫ్‌లో రెండు గుట్టలున్నాయేమో చూడండి. నిజం తెలియాలంటే టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలు తీసి, కనీసం రెండొందల కణాలు కొలవండి, అందంగా కనిపించిన మూల ఒక్కటే కాకుండా గ్రిడ్‌లో వేర్వేరు చోట్ల నుంచి. క్యువెట్ తేడా సంగతికొస్తే, అవుట్‌లెట్‌ను నేరుగా సిట్రేట్ ఎక్కువున్న ద్రావణంలోకి దింపి చూడండి, ఆ తేడా తగ్గాలి.

---

హైడ్రోజన్_బుడగ

ఆక్వా రీజియా బంగారానికి. వెండికి వాడితే అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వల్ల సిల్వర్ క్లోరైడ్ తెల్లగా ఏర్పడి పూత మీద ఇంకో పూతవుతుంది, 0.25 మి.మీ. టీ అయితే పూర్తిగా మూసుకుపోతుంది. పలచటి నైట్రిక్ ఆమ్లం చాలు. అంతకుముందు లోపల మిగిలిన బోరోహైడ్రైడ్ అంతా పోయేదాకా నీళ్లు పంపండి, లేకపోతే ఆమ్లం తగలగానే హైడ్రోజన్ ఒక్కసారిగా పొంగుతుంది. వ్యర్థం పట్టే బాటిల్‌కు మూత బిగించొద్దు. ఆమ్లం తర్వాత మళ్లీ నీళ్లు, నీళ్ల పీహెచ్ మామూలయ్యాకే బోరోహైడ్రైడ్ సిరంజి తగిలించండి.

---

వెండిమేఘం

సరే, అలాగే చేస్తాను. టీఈఎం స్లాట్ వచ్చే వారం దొరికింది, ఫొటోలు ఇక్కడే పెడతాను.